అందరి తరఫునా నేనే చెప్పాను

ఆగస్టు 25, 2025, సోమవారం

ఇవాళ హాస్పిటల్లో నాకు కుర్చీ వేశారు. పేషెంట్లు కూర్చునే ఇనప బల్ల కాదు. మీటింగ్ రూములో, ఏసీ కింద, డాక్టర్ సాయి ప్రియ మేడం పక్కన.

రెండేళ్ల కిందట ఇదే హాస్పిటల్‌కి నన్ను స్ట్రెచర్ మీద తెచ్చారు. స్ట్రోక్. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. మిషన్ తొక్కుతున్నాను, జాకెట్లు కుడుతున్నాను. మా ఆయన అక్రం ఆటోలో దింపి, ఆటోలో ఎక్కించుకుని, ఒక్క రోజు కూడా మానకుండా తిప్పాడు కాబట్టి నడిచాను. అందుకే మేడం నన్ను పిలిచింది. స్ట్రోక్ వచ్చినవాళ్లకి నడక తెప్పించే కొత్త పద్ధతి ఒకటి ఉందట. దాని మీద స్టడీ. ఇందులో మేం ఉత్త పేషెంట్లం కాదట, పార్ట్‌నర్లమట. ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో మాతో కలిసి నిర్ణయిస్తారట.

మేమంటే నేనూ, రిటైర్డ్ టీచర్ కృపామణి గారూ. ఆవిడకీ స్ట్రోకే. చేతిలో ఇంకా కర్ర ఉంది.

వారానికి ఎన్ని రోజులు రమ్మనాలి అని మేడం అడిగింది. మూడు రోజులైతే రిజల్ట్ బాగుంటుందని తన ఉద్దేశమంది. కృపామణి గారు రెండు చాలన్నారు, పల్లెల నుంచి వచ్చేవాళ్లకి కష్టమన్నారు. మేడం నా వైపు తిరిగింది. సాబిరా గారూ, మీరేమంటారు అంది. నన్ను గారు అన్న డాక్టరు ఇంతవరకు లేదు.

"మూడు రోజులైనా వస్తారు మేడం. కాలు వస్తదంటే రారా? ఇప్పుడు ఆడోళ్లకి బస్సు కూడా ఫ్రీనే గదా" అన్నాను.

మేడం నవ్వింది. రాసుకుంది. కృపామణి గారు ఇంకేమీ మాట్లాడలేదు.

టీ పింగాణీ కప్పులో ఇచ్చారు. ఇంటికొచ్చే దారంతా అక్రంకి చెబుతూనే ఉన్నాను. సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి, ఇక నిన్ను పట్టలేం అన్నాడు.

నవంబర్ 5, బుధవారం

స్టడీ మొదలైంది. సోమ, బుధ, శుక్ర. కొత్తవాళ్ల పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం నా పని. ఎక్సర్‌సైజులు చేయించడం, ఫోన్లు చేయడం ఫిజియో కిరణ్ కుమార్ పని. నన్ను అక్కా అంటాడు. నెమ్మదస్తుడు.

ఈపూరు అవతల పల్లె నుంచి పున్నమ్మ అని ఒకామె వచ్చింది. భర్త యల్లమంద చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. కుడి కాలు నేలని గీరుకుంటూ వస్తోంది. నోరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నాకూ స్ట్రోక్ వచ్చిందంటే నమ్మలేదు. అబద్ధాలు చెప్పబాకు అంది. హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నన్ను నడిపించి చూసింది. చూసి చూసి, నేనూ ఇట్టా నడుస్తానా అని అడిగింది.

నడుస్తావక్కా అన్నాను.

కిరణ్ తలెత్తి నన్ను చూశాడు. వాడు అలాంటి మాటలు ఎవరికీ చెప్పడు. ప్రయత్నిద్దాం అంటాడు, అంతే.

నవంబర్ 28, శుక్రవారం

పున్నమ్మక్క నాకోసం వెతుక్కుంటూ వచ్చింది. దోసకాయలు తెచ్చింది. ఎక్సర్‌సైజులు అయ్యాక కూడా వెళ్లకుండా కబుర్లు చెప్పింది.

చీకటితో లేస్తారట. పల్లె నుంచి షేర్ ఆటో, ఈపూరు నుంచి బస్సు. బస్సులు ఫ్రీ అయ్యాక కాలు పెట్టే చోటు లేదట. ఫుట్‌బోర్డు ఎత్తు. యల్లమంద కింద నుంచి తోస్తే, పైనున్న ఎవరో ఒక తల్లి చెయ్యి పట్టి లాగుతుందట. వారంలో మూడు రోజులు ఆయన పనికి పోవడం లేదు.

"మూడ్రోజులని ఎవడు పెట్టాడో గానీ, ఆడు బస్సెక్కే రకం కాదమ్మాయ్" అంది.

నేను నవ్వాను. ఆమెతో పాటు గట్టిగా నవ్వాను. ఆ ఎవడో నేనేనని చెప్పలేదు.

డిసెంబర్ 17, బుధవారం

పున్నమ్మక్క ఎవరినీ పట్టుకోకుండా హాలు దాటింది! కిరణ్ పక్కనే చేతులు చాచి నడిచాడు గానీ ముట్టుకోలేదు. యల్లమంద తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు. డిసెంబర్లో చెమటేంటి.

మేడం వచ్చి చూసింది. జనవరిలో స్టడీ చూడటానికి హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారట, పున్నమ్మ గారిని నడిపించి చూపిద్దాం అంది. పరిచయం చేసే పని నాకు ఇచ్చింది. మైకు కూడా ఉంటుందట.

కొత్త చీరకి ఫాల్ కుట్టుకుంటున్నాను.

జనవరి 20, 2026, మంగళవారం

రేపే. ఏం మాట్లాడాలో అక్రం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను.

సాయంత్రం పున్నమ్మక్కకి ఫోన్ చేశాను. గొంతు బరువుగా ఉంది. నిన్నటి నుంచి జ్వరమట. కిరణ్ బాబుకి చెప్పాను, రాబాకండి, తగ్గాక చూద్దాం అన్నాడు అంది.

నా గుండె జారింది. ఆమె జ్వరానికి కాదు.

"ఆయన అట్టాగే అంటాడులే అక్కా. రేపు పెద్దోళ్లొస్తన్నారు. మేడం నీ మీదే ఆశ పెట్టుకుంది. ఒక మాత్ర వేసుకుని వచ్చెయ్. నడిచేది కాసేపే గదా" అన్నాను.

నువ్వు చెబుతున్నావు కాబట్టి వస్తాలే అంది.

జనవరి 21, బుధవారం

పున్నమ్మక్క పడిపోయింది.

బస్సు దిగుతూ. కళ్లు తిరిగాయట. యల్లమంద ముందు దిగి చెయ్యి అందించేలోపే ముందుకు పడింది. డ్రైవరూ, ఇంకో ఇద్దరూ ఆటోలో వేసి హాస్పిటల్‌కి తెచ్చారు. ఆ ఆటో వచ్చేసరికి నేను కొత్త చీర కట్టుకుని గేటు దగ్గర ఉన్నాను. ఎదురు వెళ్లాను, ఆమెను నడిపించుకుని రావడానికి.

ఆమె అరుపు గేటు బయటికి వినిపించింది. కుడి తుంటి విరిగింది. నడవడం నేర్చుకుంటున్న ఆ కాలే.

హైదరాబాదు వాళ్లకి వేరే పేషెంట్‌ని చూపించారు. మైకులో ఎవరు మాట్లాడారో నాకు తెలియదు. నేను ఎక్స్‌రే గది బయట నిలబడ్డాను. లోపలికి వెళ్లలేదు.

జనవరి 24, శనివారం

గుంటూరులో ఆపరేషన్ అయిందట. ఆరోగ్యశ్రీ కార్డు మీద. నేను వెళ్లలేదు.

జనవరి 28, బుధవారం

జ్వరంతో ఉన్న మనిషిని ఎవరు రమ్మన్నారు అని మేడం అడిగిందట. హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది, అందుకే బయలుదేరాం అని యల్లమంద చెప్పాడట. హాస్పిటల్ నుంచి ఫోన్ చేసేది కిరణ్ ఒక్కడే.

కిరణ్‌ని అందరి ముందూ అడిగింది. తను రావద్దనే చెప్పానన్నాడు. మరి వాళ్లు అబద్ధం చెబుతారా అంది. కిరణ్ మొహం ఎర్రబడింది. వాడిని స్టడీ నుంచి తీసేసి పై అంతస్తు వార్డులో వేశారు.

నేను అక్కడే ఉన్నాను. కొత్తగా వచ్చిన పేషెంట్ భుజం మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నాను. ధైర్యం చెబుతున్నాను.

జనవరి 30, శుక్రవారం

ఇవాళా చెప్పలేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

షబే బరాత్. పొద్దున్నుంచి చుట్టాల ఫోన్లు. తెలిసీ తెలియకా ఏమన్నా అనుంటే మాఫ్ చెయ్యండి అని అందరూ అందరినీ అడుగుతారు. నేనూ అడిగాను. తెనాలి పిన్నిని అడిగాను, రెండేళ్లుగా మాటల్లేని తోటికోడలిని అడిగాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎంత తేలిగ్గా ఏడ్చానో.

పున్నమ్మక్క నెంబరు తీశాను. ఫోన్ పక్కన పెట్టేశాను.

అక్రం అడిగాడు, ఏమైంది నీకు, పది రోజులుగా కూర రుచే తెలియడం లేదు అని. మొత్తం చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. నమాజుకి టోపీ పెట్టుకుంటూ, నా దగ్గర ఒప్పుకుంటే ఆ పిల్లోడి ఉద్యోగం బాగుపడుద్దా అన్నాడు.

ఫిబ్రవరి 5, గురువారం

మేడానికి చెప్పేశాను. గదిలో ఇద్దరమే. ఫోన్ చేసింది నేను, కిరణ్ వద్దన్నాడని పున్నమ్మక్క చెప్పినా రమ్మన్నది నేను, వాడిని తీసేసిన రోజు పక్కనే ఉండి నోరు మూసుకున్నది నేను. కిరణ్‌కి చెయ్యాల్సిన న్యాయం చెయ్యండి, నన్ను ఏమనాలో అనండి అన్నాను.

మేడం మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపింది. కిరణ్‌తో తను మాట్లాడతానంది. నా తప్పేం లేదంది. మీరు పేషెంటు, మీకెలా తెలుస్తుంది, జాగ్రత్తలు చూసుకోవాల్సింది మా స్టాఫ్, ఇవన్నీ మనసులో పెట్టుకుంటే బీపీ పెరుగుతుంది అంది. నర్సుని పిలిచి నా చేతికి పట్టీ కట్టించింది. బీపీ నిజంగానే ఎక్కువ ఉంది. మాత్ర మార్చి రాసింది.

పార్ట్‌నర్ అన్నారు కదా మేడం అందామనుకున్నాను. పట్టీ బిగుస్తోంది.

తిట్టి ఉంటే బాగుండేది. చీటీ పట్టుకుని మందుల షాపు ముందు లైన్లో నిలబడ్డాను. నేను మంచి మాట చెప్పినప్పుడు పార్ట్‌నర్‌ని. తప్పు చేశానంటే పేషెంట్‌ని.

ఫిబ్రవరి 9, సోమవారం

కిరణ్ మళ్లీ స్టడీలోకి వచ్చాడు. నేనే వెళ్లాను. మెట్ల దగ్గర ఆగాడు.

"రావద్దని నేను చెప్పాను. అందరూ నన్ను అబద్ధాలకోరు అనుకున్నారు. అది కాదు నా బాధ. రోజూ నా ముందు నుంచే నడిచి పోయారు చూశారా, అదీ" అన్నాడు.

మాఫ్ చెయ్యి తమ్ముడూ అన్నాను. తల ఊపాడు. చెయ్యనని కాదు, చేస్తానని కాదు. వెళ్తూ వెళ్తూ, పేషెంట్లు ఎదురుచూస్తున్నారు సాబిరా గారూ అన్నాడు.

అక్కా అనలేదు. గారు అన్నాడు.

ఫిబ్రవరి 16, సోమవారం

మీటింగ్. చెప్పాల్సింది ముందే చీటీ మీద రాసుకున్నాను గానీ చూడలేదు. ఆగస్టులో మూడు రోజులైనా వస్తారని అందరి తరఫునా నేనే చెప్పాను, నేను ఈపూరు బస్సు ఎన్నడూ ఎక్కలేదు, నాకు ఇంట్లో ఆటో ఉంది, మీరు గారు అన్నారని మీకు నచ్చే మాట చెప్పాను అన్నాను.

అందరూ కాగితాలు సర్దుకున్నారు. మేడం మొహం మాడింది. స్టడీ మధ్యలో రోజులు మార్చడం కుదరదంది. కృపామణి గారు కర్ర నేలకి తాటించి, పోనీ రాలేనివాళ్ల ఇంటికి మనమే వెళ్లడం కుదురుతుందా అన్నారు. దానికి ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కావాలట. అయితే ఇవాళే అడగండి అన్నారు ఆవిడ. రిటైరైనా టీచరే. మేడం రాసుకుంది. చాలాసేపు రాసుకుంది.

బయటికొచ్చాక ఆవిడ నాతో అన్నది ఇది: ఆ రోజు నువ్వు మూడంటే నేను రెండని ఇంకోసారి అనొచ్చు, అనలేదు, టీ చల్లారిపోతోందని ఊరుకున్నాను. నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఈపూరు వెళ్లాను. బస్సులో. అక్రం ఆటో తీస్తానన్నాడు. వద్దన్నాను.

బస్సొచ్చింది. జనం మీద పడ్డారు. ఎడమ కాలు ఎత్తాను, ఫుట్‌బోర్డు అందలేదు. మళ్లీ ఎత్తాను. వెనక నుంచి ఎవరో నడుం పట్టి తోశారు, పైనుంచి ఎవరో రెక్క పట్టి లాగారు. ఇద్దరి మొహాలూ చూడలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పడతానేమోనని దారంతా భయం. రెండు నెలల పైన పున్నమ్మక్క ఇలాగే వచ్చింది, వారానికి మూడు రోజులు, దోసకాయల సంచితో సహా.

ఈపూరులో దిగి షేర్ ఆటోలో పల్లెకి వెళ్లాను. ఇంటి ముందు పట్టా మీద మిరపకాయలు ఎండుతున్నాయి. వసారాలో మంచం మీద ఉంది. సగమైపోయింది. ఆపరేషన్ అయ్యాక లేచి నడవమన్నారట, ఆమె కాలు కింద పెట్టడం లేదట. నన్ను చూసి మొహం విప్పారింది.

"రోజాలో ఉంటావుగా, మంచినీళ్లు కూడా ఇయ్యకూడదంట గదా. కూర్చో" అంది.

కూర్చోకుండానే చెప్పాను. ముందు ఫోన్ సంగతి. ఆమె చెయ్యి ఊపేసింది.

"ఫోన్ చేసింది నువ్వని నాకు తెలవదా? నేను మాత్రం ఏం చంటిపిల్లనా, రానంటే అయిపోయేది. మీ పెద్దోళ్ల ముందు నడిచి చూపిద్దామని నాకూ ఉండింది."

కిరణ్ మీద పడిన నింద సంగతి ఆమెకు తెలియదు. విని, అయ్యో ఆ పిల్లోడినా అంది. ఎవరు ఫోన్ చేశారని మా ఆయన నన్నడగలేదు, హాస్పిటలోళ్లు అనుకుని చెప్పాడు అంది. అక్కడ ఆపి ఉంటే క్షమించేసినట్టే. ఇంటికి వచ్చేసి నెమ్మదిగా రోజా విప్పుకునేదాన్ని.

మూడు రోజుల సంగతి కూడా చెప్పాను. పెట్టింది నేనే అన్నాను. నువ్వు నవ్వినప్పుడు నీతో పాటు నవ్వాను అన్నాను.

ఆమె మొహం మారిపోయింది.

"ఏమే, నువ్వా? ఏం తెలుసని చెప్పావే? మొగుడి ఆటో గుమ్మంలో పెట్టుకుని మా బస్సు సంగతి చెప్పావా? మా ఎనకింటామె నాతో పాటే చేరింది. రెండు వారాలొచ్చి మానేసింది, మొగుడు పని పోతందని తిడతంటే. రెండ్రోజులైతే పంపేవోడే. దానికిప్పుడు కాలూ లేదు, చెయ్యీ లేదు. దాని తరఫున కూడా నువ్వే చెప్పావా? నన్నడిగావా? దాన్నడిగావా?"

అడగలేదక్కా అన్నాను.

"మరి ఎట్టా చెప్పావే!"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. యల్లమంద చేను నుంచి వస్తూ విని పరుగున వచ్చాడు. ఊరుకోవే, ఆయమ్మ ఉపాసంలో ఉంది అన్నాడు.

"ఉంటే? తిట్లు తింటే ఉపాసం చెడుద్దా?" అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆమెకి రెండూ రాలేదు. ఆయాసపడుతూ గోడవైపు తిరిగి పడుకుంది. చాలాసేపటికి, అటు తిరిగే ఉండి, మళ్లీ ఎప్పుడొస్తావు అని అడిగింది. వచ్చే శుక్రవారం అన్నాను.

"బస్సులోనే రా. నీ మొగుడి ఆటోలో వస్తే లోపలికి రానియ్యను."

మార్చి 6, శుక్రవారం

వెళ్లాను. ముందు వెనకింటామె దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. యల్లమంద తీసుకెళ్లాడు. ఆమెకి మాట సరిగా రాదు. నేను చెప్పిందంతా విన్నది. తిట్టలేదు. తిట్టడానికి కూడా మాట లేదు. కొంగు సర్దుకోబోతే చెయ్యి లేవలేదు, నేను సర్దాను. ఇది పున్నమ్మక్క తిట్లకంటే కష్టంగా ఉంది.

పున్నమ్మక్క మంచం మీదే కాలు వంచడం, చాపడం చేసింది. కిరణ్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. వాడు చెబుతుంటే చేసింది. కింద పెట్టమంటే మాత్రం పెట్టలేదు.

"పడితే ఎవరు పట్టుకుంటారు? నువ్వా? నువ్వే కుంటిదానివి."

మార్చి 20, శుక్రవారం

రంజాన్ పండగ కుట్లు. ఊపిరి తీసుకునే తీరిక లేదు, వెళ్లలేకపోయాను. మధ్యాహ్నం ఫోన్ మోగింది. పున్నమ్మక్క. ఏమే, రాలేదేం అంది.

మార్చి 30, సోమవారం

ఎథిక్స్ కమిటీ పర్మిషన్ వచ్చింది. రాలేనివాళ్ల ఇళ్లకి వారానికి ఒక రోజు కిరణ్ వెళ్తాడు. వెనకింటామెని మళ్లీ చేర్చుకుంటారా అని అడిగాను. మధ్యలో మానేసినవాళ్లు లెక్కలోకి రారంది మేడం. లెక్క సంగతి తర్వాత, ఎక్సర్‌సైజులు చేయించకూడదని రూలుందా అన్నాను. లేదంది. నన్ను కొంచెం వింతగా చూసింది.

తర్వాతి స్టడీ మీటింగుకి పల్లె నుంచి ఒకరు ఉండాలన్నాను. మీరున్నారు కదా అంది. నేను చాలనన్నాను.

ఏప్రిల్ 3, శుక్రవారం

పున్నమ్మక్క కాలు కింద పెట్టింది. ఒక పక్క కిరణ్, ఒక పక్క నేను. లేస్తూనే బరువంతా నా ఎడమ భుజం మీద వేసింది. నా కాలు వణికింది. ఓర్చుకుందామనుకున్నాను.

అక్కా, నా ఎడమ కాలు ఆగదు అని చెప్పేశాను.

మెల్లగా కూర్చోబెట్టాం. ముందే చెప్పి ఏడవొచ్చు గదే అంది. కిరణ్ ఇటొచ్చాడు, నా కుడి భుజం ఆమెకి అందేలా నేను అటు వెళ్లాను.

మళ్లీ లేచింది.